స్టారుకు ఎన్ని అక్షరాలు

నా చిన్నప్పుడు నాకు దేవుడి మీద కంటే పగ మీద గురి ఎక్కువగా ఉండేది. దేవుణ్ణి అడిగినవి ఆలస్యంగా వచ్చేవి, కొన్ని వచ్చేవే కావు. పగ అలా కాదు. దాన్ని ఆరిపోకుండా చూసుకుంటే అదే ఏదో ఒక రోజు దారి చూపిస్తుందని నమ్మేదాన్ని. మా మనవరాలికి ఈ మాట చెబితే, "నువ్వా అమ్మమ్మా?" అని నమ్మలేనట్టు చూసింది. నేనే. పదకొండేళ్ల వయసులో, రెండు జడలు వేసుకుని, ఒక పెద్దావిడను ఆమె ఇంట్లోనే, ఆమె ఆటలోనే ఓడించాలని కాచుకుని కూర్చున్నదాన్ని నేనే.

అప్పటికి ఫిల్మ్‌నగర్ అంటే బండరాళ్లు, వాటి సందుల్లో సీతాఫలం పొదలు, మధ్య మధ్య కొత్తగా లేచిన ఇళ్లు. మద్రాసు నుంచి సినిమావాళ్లు ఒక్కొక్కరే వచ్చి జూబ్లీహిల్స్‌లో బంగళాలు కట్టుకుంటున్నారు. వాళ్ల పనుల మీద బతికే మాలాంటి వాళ్లం కింద, బండల పక్కన కిరాయి ఇళ్లలో ఉండేవాళ్లం. మా నాయిన మేకప్ మనిషి. నల్గొండ వైపు నుంచి వచ్చి, ఎవరెవరి దగ్గరో చేయి తిప్పడం నేర్చుకుని, చివరికి ఒక పెద్ద నిర్మాత కంపెనీలో కుదురుకున్నాడు. ఆ కంపెనీ తీసే ప్రతి సినిమాకూ మా నాయినే వెళ్లేవాడు. ఆ నిర్మాత ఇంటి అమ్మగారికి పెళ్లిళ్లకూ ఫంక్షన్లకూ ముస్తాబు చేయడానికి కూడా ఆయన్నే పిలిచేవారు.

నన్ను తెలుగు మీడియం మాన్పించి ఇంగ్లీషు బడిలో వేసిన ఏడాది అది. బళ్లో నాకు ఏమీ అర్థమయ్యేది కాదు. ఆ అమ్మగారు ఆదివారం సాయంత్రాలు చుట్టుపక్కల బంగళాల పిల్లలను పోగుచేసి వరండాలో ఇంగ్లీషు మాటల ఆట ఆడిస్తుందని నాయిన విన్నాడు. నన్నూ రానివ్వమని మొహమాటపడుతూనే అడిగాడట. ఆమె సరేనంది. ఆ ఆదివారం మా అమ్మ నాకు పండగ గౌను తొడిగింది. దారి పొడుగునా నాయిన నా చేయి పట్టుకుని, "మంచిగ విను బిడ్డా. ఆమె ఇంగ్లీషు మాట్లాడితే పాట పాడినట్టుంటది" అని చెబుతూ తీసుకెళ్లాడు.

ఆట ఇలా ఉండేది. పిల్లలం ఆంటీ అని పిలిచే ఆ అమ్మగారు ఉయ్యాలబల్ల మీద కూర్చుని మొదట రెండు ఇంగ్లీషు అక్షరాలు చెప్పేది, తర్వాత ఒక అంకె. ఆ రెండు అక్షరాలతోనే మొదలై, సరిగ్గా అన్ని అక్షరాలే ఉన్న మాటలు పిల్లలు వరసగా చెప్పాలి. చెప్పలేనివాళ్లు వెళ్లి మెట్ల మీద కూర్చోవాలి. ఒకరు చెప్పింది మరొకరు చెప్పకూడదు. మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు కుదరవు. ఉన్న మాటకే చివర ఒక ఎస్ తగిలించి పొడుగు చేయడం అసలు కుదరదు, అది బద్ధకస్తుల పని అనేది ఆంటీ. అందరూ పోయాక మిగిలిన ఒక్కరితో ఆమే స్వయంగా ఆడేది. ఆమె మీద ఎవరూ గెలవలేదు.

నేను వెళ్లిన మొదటి రోజు ఆమె ఇచ్చిన అక్షరాలు ఎస్, టి. అంకె ఐదు. నా వంతు వచ్చింది. మా ఇళ్లల్లో పొద్దున లేస్తే వినపడే మాట ఒకటి నాకు తెలుసు. ధైర్యంగా లేచి నిలబడి "స్టారు" అన్నాను.

పిల్లలు కిలకిలమన్నారు. ఆంటీ చేయెత్తి వాళ్లను ఆపి, ఎంతో మెత్తగా, "స్టార్‌కి నాలుగే అక్షరాలు కదమ్మా. చివర ఉ తగిలిస్తే ఐదవుతాయనుకున్నావా?" అంది. మళ్లీ నవ్వులు. అంతటితో ఆగితే నేను ఇంటికొచ్చి ఏడ్చి మరచిపోయేదాన్నేమో. ఆమె గుమ్మం దగ్గర నిలబడ్డ మా నాయిన వైపు తిరిగి, "ఏమయ్యా, మొహాలకైతే రంగు వేసి మార్చేస్తావు. మరి మీ వాళ్ల నాలుకలకి ఏం పూస్తావు?" అంది.

వరండా అంతా నవ్వింది. మా నాయిన కూడా నవ్వాడు.

ఆ నవ్వు ఎలా ఉందో నేను చెప్పగలను. పళ్లు కనిపించాయి, కళ్లు నేలను చూశాయి. ఆ రాత్రి నాకు నా తప్పు మాట గుర్తురాలేదు, పిల్లల నవ్వులు గుర్తురాలేదు. నాయిన పళ్లే గుర్తొచ్చాయి. తిరిగి వచ్చేటప్పుడు ఆయన చేయి పట్టుకోలేదు నేను. "ఎందుకు నవ్వినవ్ నాయినా?" అని అడిగితే, "నవ్వకపోతే ఏం చేస్త బిడ్డా, అన్నం పెట్టే ఇల్లాయె" అన్నాడు. మరుసటి వారం నుంచి ఆ వరండాలో నా పేరు స్టారు. బళ్లో కూడా అదే పేరు పాకింది.

మా పక్కింట్లో ఒక అక్క ఉండేది. భీమవరం దగ్గరి అమ్మాయి, బి.ఏ. చదివింది. ఆదివారం ఉదయం చర్చిలో పాడేది, మిగతా రోజుల్లో హీరోయిన్లకు గొంతు అరువిచ్చేది. తెర మీద ఏడ్చేది వేరే మనిషి, ఏడుపు మా అక్కది. చూడ్డానికి సన్నగా ఉండేది గానీ నోరు మహా పదును. పాలవాడు నీళ్లు కలిపితే వీధంతా వినేలా అడిగేది. నేను వాళ్ల గోడ దగ్గర కూర్చుని మోకాళ్లలో తల పెట్టుకుని ఉంటే వచ్చి పక్కన కూలబడింది. జరిగింది చెప్పాను. ఓదారుస్తుందనుకున్నాను. ఓదార్చలేదు.

"ఆవిడేనా?" అంది. దూరంగా బంగళా వైపు చూసి, తన సంగతి చెప్పింది. ఆ కంపెనీ సినిమా ఒకటి బాగా ఆడినప్పుడు విందు చేశారట. ఆ సినిమాలో హీరోయిన్ గొంతు అక్కదే. భోజనాల దగ్గరికి వెళ్తుంటే గుమ్మంలో ఆ అమ్మగారు ఆపి, "గొంతులకి బయట టెంట్లో పెట్టించామమ్మా" అందట. అక్క తినకుండా వచ్చేసింది. "మనిషిని కూడా కాదు, గొంతునట" అంది. అప్పుడు నా గడ్డం పట్టుకుని పైకెత్తి అడిగింది. "నీకు ఏడుపు తగ్గాలా, పగ తీరాలా? రెండూ ఒకేసారి కుదరవు."

పగే అన్నాను.

అక్క నేర్పిన విద్య ఇంగ్లీషు కంటే ఎక్కువగా మనుషుల గురించి. నేను ఇంగ్లీషు మాటలన్నీ బట్టీ పడతానంటే ఒప్పుకోలేదు. "పది బావులు తవ్వితే పదింట్లోనూ రాయే పడుతుంది. ఒకటే తవ్వు. తాము గెలిచిన చోటు గర్విష్ఠులకి తీపి. ఆవిడ ఎస్, టి, ఐదు దగ్గరికి మళ్లీ వస్తుంది. రాకపోతే మనమే రప్పిద్దాం" అంది. అందుకని మేము ఆ ఒక్క బావే తవ్వాం.

డబ్బింగ్‌లో పెదవుల కదలికకు సరిపోయే మాట వెతుక్కున్నట్టే, నోరు తెరిచే తీరును బట్టి మాటలను గుంపులు చేసింది అక్క. స్టా దగ్గర మొదలుపెట్టి, స్టే, స్టి, స్టో, స్టు అంటూ మెట్లు దిగినట్టు దిగాలి. వింటే నవ్వొస్తుంది గానీ, మా వీధి నిండా ఆ మాటలే ఉన్నాయి. షూటింగుల్లో నిలబెట్టే లైటు స్టాండ్. అరిచి చెప్పే స్టార్ట్. స్టేజ్, స్టాఫ్, స్టిల్, స్టోరీ, స్టంట్. మా అమ్మ వెలిగించే స్టవ్, కడిగే స్టీల్ గిన్నెలు. మా ఇంటి వెనక బండ స్టోన్. నేను ఇన్నాళ్లూ ఆ మాటల మధ్యే తిరుగుతూ వాటికి ఎన్ని అక్షరాలో ఎప్పుడూ చూడలేదు. అక్క స్పెల్లింగు అడిగేది, నేను గోడ మీద వేలితో రాసేదాన్ని. పూర్తిగా వచ్చాక స్టింగ్ అనే మాట చెప్పింది. తేలు కుట్టడం. "ఇది మాత్రం చివరిదాకా తీయకు. తేలు కూడా విషాన్ని తోకలోనే పెట్టుకుంటుంది" అంది.

కష్టమైన పని వేరే ఉంది. ప్రతి ఆదివారం నేను ఆ వరండాకు వెళ్లాలి, స్టారు అని పిలిపించుకోవాలి, తొందరగా ఓడిపోయి మెట్ల మీద కూర్చోవాలి. అది అక్క షరతు. తెలిసిన మాట నోటి దాకా వచ్చినా మింగేదాన్ని. మెట్ల మీద కూర్చుని ఆంటీనే చూసేదాన్ని. మాట దొరకనప్పుడు ఆమె గాజులు వెనక్కి తోసుకుంటుందని, గెలిచే ముందు కాలితో నేలను తన్ని ఉయ్యాల ఊపుతుందని అలా కూర్చునే తెలుసుకున్నాను. మా అమ్మను కూడా నేను అంత శ్రద్ధగా చూసి ఉండను. ఎండలు పోయి వానలు పట్టాయి. చదువు మీద లేని పట్టుదల నాకు ఆమె మీద వచ్చింది.

ఒక ఆదివారం బంగళాలో చుట్టాలు వచ్చి ఉన్నారు. వరండా నిండుగా ఉంది. ఆంటీకి చూసేవాళ్లు ఉంటే హుషారు. నాయిన కూడా లోపల ఉన్నాడు, ఆ రాత్రి ఏదో పెళ్లికి ఆమెను ముస్తాబు చేయాలి. ఇదే సమయమని నాకు అనిపించింది. లేచి, "ఆంటీ, ఈసారి ఎస్, టి, ఐదు పెట్టండి. నేను చెప్తాను" అన్నాను.

ఆమె ముఖం వెలిగిపోయింది. చుట్టాల వైపు తిరిగి, "ఈ పిల్ల సంగతి మీకు చెప్పానే, మా స్టారు" అంది. అందరూ సర్దుకుని కూర్చున్నారు.

ఆట మొదలైంది. నా వంతు వచ్చినప్పుడు స్టాండ్ అన్నాను. ఎవరూ నవ్వలేదు గానీ నవ్వడానికి సిద్ధంగా ఉన్నారు. మళ్లీ వచ్చింది, స్టేజ్. మళ్లీ వచ్చింది, స్టీల్. పిల్లలు ఒక్కొక్కరే లేచి మెట్ల మీదికి వెళ్తున్నారు. నేను ఎక్కడ ఉన్నానో నాకు తెలుసు. స్టా నుంచి స్టే మీదికి, స్టే నుంచి స్టి మీదికి దిగుతున్నాను. చివరికి ఆంటీ, నేను మిగిలాం.

ఆమె స్టైల్ అంది. నేను స్టంట్ అన్నాను. ఆమె స్టాంప్ అంది. నేను స్టవ్ అన్నాను. స్టవ్‌లో అక్షరాలు ఎన్నని గుచ్చి అడిగింది, ఒక్కొక్కటీ విడదీసి చెప్పాను. ఆమె గాజులు వెనక్కి తోసుకుంది.

అప్పుడే నాయిన మేకప్ పెట్టె పట్టుకుని లోపలి నుంచి వచ్చి ఆమె వెనకాల నిలబడ్డాడు. సంగతి ఆయనకు వెంటనే అర్థమైంది. నా కళ్లలోకి చూసి, ఎవరికీ కనపడకుండా, చిన్నగా తల అడ్డంగా ఊపాడు. వద్దు. ఆ కళ్లలో భయం ఉంది. ఆ భయం ఎవరి గురించో, ఏం పోతుందనో అర్థం కాని వయసు కాదు నాది. అర్థమైంది. అర్థమై కూడా నేను కళ్లు తిప్పుకుని ఆంటీ వైపు చూశాను.

ఆమె చాలాసేపు ఆలోచించింది. చుట్టాల్లో ఎవరో దగ్గారు. అంతమంది ముందు ఊరుకోలేక, తొందరలో, "స్టార్స్" అనేసింది.

నాకు ఇప్పటికీ ఆ మాట చెవిలో తేనెలా ఉంటుంది. అక్క చెప్పినట్టు నేను నవ్వలేదు. గొంతు పెంచలేదు. ఆమె నాతో ఎంత మెత్తగా అందో అంతే మెత్తగా, "స్టార్‌కి నాలుగే కదా ఆంటీ. చివర ఎస్ తగిలిస్తే ఐదవుతాయా?" అన్నాను. అప్పుడు నేను "స్టింగ్" అన్నాను. ఐదు అక్షరాలూ విడివిడిగా చెప్పి కూర్చున్నాను.

వరండాలో ఎవరూ నవ్వలేదు. ఒక చుట్టం మాత్రం చప్పట్లు కొట్టబోయి ఆగిపోయాడు. ఆంటీయే ముందుగా తేరుకుని, "భలే, భలే" అంటూ నా బుగ్గ గిల్లింది. గిల్లిన చోట గోరు దిగింది. ఆ నొప్పికి నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

ఆదివారాల ఆట ఆ తర్వాత జరగలేదు. ఆంటీకి ఒంట్లో బాగాలేదన్నారు, మరోసారి వరండా బాగు చేయిస్తున్నారన్నారు. ఆ కబురు విన్న రోజు నేను మారడిగి అన్నం తిన్నాను.

కానీ ఆ కంపెనీ కొత్త సినిమా మొదలైనప్పుడు మా నాయినకు పిలుపు రాలేదు. వేరే మేకప్ మనిషిని పెట్టుకున్నారు. ఎవరూ ఏమీ అనలేదు, ఎందుకని అడిగే వీలూ లేదు. నాయిన పెట్టె పట్టుకుని రహమత్ నగర్‌లో పెళ్లికూతుళ్లకు ముస్తాబు చేయడానికి, బళ్ల వార్షికోత్సవాల్లో పిల్లలకు మీసాలు గీయడానికి వెళ్లడం మొదలుపెట్టాడు. ఇంట్లో పాలు మానేశాం.

మా అమ్మకు అసలు సంగతి తెలిసిన రోజు పక్కింటి గుమ్మంలో నిలబడి అడిగింది. "నీ పగ తీర్చుకోనీకి నా బిడ్డను పొయ్యిల కట్టె చేసుకున్నవా చెల్లె?"

అక్క ఎప్పటిలా విరుచుకుపడుతుందనుకున్నాను. పడలేదు. "అవునక్కా. నా పగ కూడా ఉంది అందులో, లేదని అబద్ధం చెప్పను" అంది. "కానీ ఆ మంట పెట్టింది నేను కాదు. నేను ఆర్పలేదు, అంతే."

"ఆర్పాలె. పెద్దదానివి నువ్వు" అని అమ్మ వచ్చేసింది. ఆ తర్వాత వాళ్లిద్దరూ చాలా కాలం మాట్లాడుకోలేదు. అక్క మాత్రం తన పని జరిగే ప్రతి చోటా మా నాయిన గురించి చెప్పిపెట్టింది. అలా చెప్పగా చెప్పగా, చివరికి ఒక చిన్న కంపెనీలో ఆయనకు మళ్లీ కుదురైన పని దొరికింది. ఆ సంగతి అక్క మా అమ్మకు చెప్పుకోలేదు. నేనూ చాలా ఏళ్లకు గానీ వినలేదు.

పని లేని ఆ రోజుల్లోనే ఒక ఉదయం నాయిన అరుగు మీద కూర్చుని కుంచెలు కడిగి ఎండబెడుతున్నాడు. నన్ను పిలిచి పక్కన కూర్చోమన్నాడు. తిడతాడనుకుని బిగుసుకుని కూర్చున్నాను.

"ఆ దినం వద్దని తల ఊపిన. చూసినవా?"

"చూసిన నాయినా."

"చూసి గూడ చెప్పినవా?"

"చెప్పిన."

కుంచె నీళ్లు విదిల్చాడు. "మొదటిసారి నేను నవ్విన. రెండోసారి వద్దన్న. రెండుసార్లూ ఆమె పక్కనే నిలబడ్డ బిడ్డా, నీ పక్కన కాదు" అన్నాడు. "పని పోయినందుకు ఫికర్ లేదు. నువ్వు నన్ను చూసి మొహం తిప్పుకున్నవ్ చూడు, అది యాదికొస్తే అన్నం దిగుతలేదు."

నేను క్షమించమని అడగలేదు. ఆయనా అడగలేదు. తడి కుంచెలు ఆరేదాకా ఇద్దరం అక్కడే కూర్చున్నాం.

ఆ ఆంటీని నేను ఇప్పటికీ క్షమించలేదు. ఆమె పోయిందని విన్నప్పుడు కూడా మనసులో ఏ మూలా మెత్తబడలేదు. గెలిచినందుకు విచారించానా అంటే, లేదు. అయితే పెద్దదాన్నవుతున్న కొద్దీ ఒకటి స్పష్టంగా తెలిసింది. ఆ మొదటి రోజు నన్ను కొట్టింది ఆమె మాట ఒక్కటే కాదు. చుట్టూ నవ్వినవాళ్లు లేకపోతే ఆ మాట అక్కడే రాలిపోయేది. పెద్దవాళ్ల వెటకారానికి బలం వాళ్ల నోట్లో ఉండదు, పక్కవాళ్ల పళ్లలో ఉంటుంది.

నేను ఇప్పుడు బయటి రాష్ట్రాల నుంచి వచ్చే నటీమణులకు తెలుగు పలకడం నేర్పుతుంటాను. మొన్న ఒక షూటింగులో ఉన్నాను. కొత్తగా చేరిన సహాయ దర్శకురాలు, వరంగల్ అమ్మాయి, మైకులో "సార్, గీడ లైట్ తక్కువున్నది" అంది. కుర్ర దర్శకుడు మైకు అందుకుని అదే మాటను ఆమె యాసలో సాగదీసి అన్నాడు. యూనిట్ మొత్తం నవ్వింది. ఆ పిల్ల కూడా పళ్లు బయటపెట్టి, కళ్లు దించుకుని నవ్వింది.

నేను నవ్వలేదు. ఆయన వైపే చూస్తూ కూర్చున్నాను. ఆయన గమనించి, "ఏంటి మేడమ్, నచ్చలేదా?" అన్నాడు.

"సరిగ్గా వినపడలేదు బాబూ. మళ్లీ ఒకసారి అనండి" అన్నాను.

మళ్లీ అన్నాడు. ఈసారి ఇద్దరో ముగ్గురో నవ్వారు. ఆ అమ్మాయి తలెత్తి నా వైపు చూసింది.

"ఇంకొక్కసారి" అన్నాను.